అడిగినవారికే జెర్సీ

మార్చిలో సీజన్ ముగిసేసరికి అమెరికాలోని జూనియర్ కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌లందరికీ ఒకటే బెంగ. రెండేళ్ల చదువు పూర్తయినవాళ్లు వెళ్లిపోతారు. మొదటి ఏడాదిలోనే మెరిసిన కుర్రాళ్లను పెద్ద యూనివర్సిటీలు తీసుకుపోతాయి. చూస్తుండగానే జట్టు సగం ఖాళీ అవుతుంది. ఆగస్టులో కాలేజీ తెరిచేలోగా ఆ స్థానాలన్నీ నిండాలి. దేశమంతా తిరిగి ఆటగాళ్లను వెతకడానికి ఆ కోచ్‌ల దగ్గర డబ్బూ ఉండదు, మనుషులూ ఉండరు.

హైస్కూల్లో బాగా ఆడుతూ కూడా ‘నన్నెవరూ పట్టించుకోవడం లేదు’ అని దిగులుపడే పిల్లలు ముందుగా గుర్తించాల్సింది ఇదే. మీకు జట్టు ఎంత అవసరమో, ఆ కోచ్‌కు మీరూ అంతే అవసరం. కాకపోతే మీరున్న సంగతి ఆయనకు తెలియదు. తెలియజెప్పడం మీ పని. అడగందే అమ్మయినా పెట్టదు. ముక్కూ మొహం తెలియని కోచ్ పిలిచి జెర్సీ ఇస్తాడా?

చిన్నచూపు వద్దు

ఈ జూనియర్ కాలేజీ మన ఇంటర్మీడియట్ లాంటిది కాదు. హైస్కూల్ తర్వాత చదివే రెండేళ్ల కాలేజీ. ఇక్కడ చదివి, నాలుగేళ్ల యూనివర్సిటీలో మూడో ఏడాదికి మారవచ్చు. ఎక్కడా సీటు రానివాళ్లే ఇక్కడికి వస్తారన్న అపోహను ముందు వదిలించుకోండి.

జిమ్మీ బట్లర్‌ను హైస్కూల్ రోజుల్లో పెద్ద యూనివర్సిటీలు పట్టించుకోలేదు. ఆయన టెక్సస్‌లోని టైలర్ జూనియర్ కాలేజీలో ఒక ఏడాది ఆడి మార్క్వెట్ యూనివర్సిటీకి వెళ్లాడు. 2011 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో 30వ ఆటగాడిగా ఎంపికై, తర్వాత ఆరుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. షెరిల్ స్వూప్స్‌కైతే పెద్ద యూనివర్సిటీ సీటు చేతికొచ్చింది. ఇంటిమీద బెంగతో దాన్ని వదిలేసి, సొంతూరికి దగ్గర్లోని సౌత్ ప్లెయిన్స్ కాలేజీలో చేరింది. అక్కడినుంచి టెక్సస్ టెక్‌కు వెళ్లి, 1993 జాతీయ ఫైనల్లో 47 పాయింట్లు చేసి జట్టును గెలిపించింది. వీరిద్దరూ ఆ రెండేళ్ల కాలేజీని తమను తాము దిద్దుకునే చోటుగా వాడుకున్నారు.

ఎక్కడ ఏముందో తెలుసుకోండి

1938లో ఏర్పడిన ఎన్‌జేసీఏఏ ఈ కాలేజీల ఆటలకు జాతీయ సంస్థ. అందులో మూడు డివిజన్లు. డివిజన్ 1లో ట్యూషన్, పుస్తకాలు, వసతి, భోజనం అన్నీ కలిపి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. డివిజన్ 2లో అది ట్యూషన్, ఫీజులు, పుస్తకాల వరకే. డివిజన్ 3లో ఆటకంటూ స్కాలర్‌షిప్ లేదు. కాలిఫోర్నియా కాలేజీలది వేరే సంఘం. వాటిలోనూ ఆట స్కాలర్‌షిప్ ఉండదు. అయితే ఆ రాష్ట్రవాసులకు ఫీజు యూనిట్‌కు 46 డాలర్లే. ‘డివిజన్ 1 కాకపోతే వద్దు’ అని పట్టుబట్టకండి. ఫీజు కట్టగలిగే చోట, మిమ్మల్ని ఎక్కువసేపు కోర్టులో ఆడించే జట్టు దొరికితే అదే మంచి జట్టు.

ఖాళీని లెక్కపెట్టండి

కాలేజీ వెబ్‌సైట్‌లో జట్టు జాబితా ఉంటుంది. మీరు పాయింట్ గార్డ్ అయితే, ఆ జట్టులో పాయింట్ గార్డ్‌లు ఎందరో, వారిలో రెండో ఏడాది వాళ్లెందరో చూడండి. ఇద్దరు వెళ్లిపోతుంటే అక్కడ మీకు చోటుంది. ముగ్గురు మొదటి ఏడాది వాళ్లుంటే మరో కాలేజీ చూసుకోండి. పేరున్న కాలేజీల వెంట పడటంకన్నా, మీ అవసరమున్న కాలేజీని పట్టుకోవడం తెలివైన పని. గత రెండు మూడేళ్లలో అక్కడి ఆటగాళ్లు ఏయే యూనివర్సిటీలకు వెళ్లారో కూడా చూడండి. రెండేళ్ల తర్వాత మీ దారి ఎటో దాన్నిబట్టి తెలుస్తుంది.

వీడియో మాట్లాడాలి

మూడు నాలుగు నిమిషాల వీడియో చాలు. మీ ఆటలో అత్యుత్తమమైనవి మొదటి అర నిమిషంలోనే కనిపించాలి. నచ్చకపోతే కోచ్ అంతకుమించి చూడడు. పేరు, ఎత్తు, ఆడే స్థానం, జెర్సీ నంబరు, హైస్కూల్ పూర్తయ్యే సంవత్సరం మొదట్లోనే వేయండి. డంక్‌లు, మూడు పాయింట్ల షాట్లతోనే నింపేయకండి. డిఫెన్స్‌లో నిలబడటం, రీబౌండ్‌కు ఎగబడటం, సరైన సమయంలో పాస్ ఇవ్వడం చూపించండి. పూర్తి మ్యాచ్ వీడియో ఒకటి విడిగా జతచేయండి. తప్పు చేశాక మీరేం చేస్తారో కోచ్‌కు అందులోనే తెలుస్తుంది.

ఉత్తరం మీరే రాయండి

హెడ్ కోచ్‌కూ, అసిస్టెంట్ కోచ్‌లకూ విడివిడిగా, పేరుపెట్టి రాయండి. పది వాక్యాలు దాటవద్దు. మీరెవరు, ఆ జట్టుకు ఏ విధంగా ఉపయోగపడతారు, మార్కులెంత, వీడియో లింకు, రాబోయే మ్యాచ్‌ల తేదీలు, మీ కోచ్ ఫోన్ నంబరు. అంతే. ఒకే ఈమెయిల్‌ను వంద కాలేజీలకు పంపితే కోచ్‌లు ఇట్టే పసిగడతారు. జవాబు రాకపోతే రెండు వారాలాగి, కొత్త వీడియోతోనో కొత్త గణాంకాలతోనో మళ్లీ రాయండి. తోటివాళ్లకు చలికాలంలోనే అవకాశాలొచ్చేశాయని కుంగిపోకండి. జూనియర్ కాలేజీ కోచ్‌లు వసంతంలో, ఒక్కోసారి వేసవి దాకా ఆటగాళ్లను తీసుకుంటూనే ఉంటారు.

ట్రయౌట్‌కు పిలిస్తే బంతి చేతిలో లేనప్పుడు ఎలా ఉన్నారన్నది ముఖ్యం. బెంచీమీద కూర్చున్నప్పుడు మీ చూపు ఎక్కడుంది? తప్పు చేసిన తోటి ఆటగాడితో ఏమన్నారు? కోచ్ దిద్దినప్పుడు మొహం మాడ్చుకున్నారా? పాయింట్లు చేసేవాళ్లు చాలామంది దొరుకుతారు. చెప్పింది వినేవాళ్లకోసం కోచ్‌లు ఎదురుచూస్తారు.

చదువే రెండో స్కాలర్‌షిప్

ఆడాలంటే ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్ల పూర్తిస్థాయి చదువు ఉండాలి. ఇక్కడినుంచి, నాలుగేళ్ల యూనివర్సిటీల ఆటల సంస్థ అయిన ఎన్‌సీఏఏలోని డివిజన్ 1 యూనివర్సిటీకి మారాలంటే, బదిలీ అయ్యే క్రెడిట్లలో 2.5 జీపీఏ కావాలి. అందుకే చేరిన మొదటి వారమే సలహాదారును కలిసి, ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో రాయించుకోండి. తేలిక కోర్సులతో రెండేళ్లు గడిపేసినవాళ్లకు ఎంత ఆట ఉన్నా దారి మూసుకుపోతుంది. మీరు ఇంకా ఎన్నేళ్లు ఆడవచ్చన్న నిబంధనలపై కోర్టుల్లో వివాదాలు నడుస్తున్నాయి కాబట్టి, ఏటా కాలేజీ అధికారిని అడిగి సరిచూసుకోండి.

జట్టులో చేరే ఒప్పందంపై సంతకం పెట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. నా స్థానంలో ఇంకా ఎవరిని తీసుకుంటున్నారు? స్కాలర్‌షిప్‌లో ఏమేం ఉన్నాయి, కాగితం మీద ఇస్తారా? గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది? మీ ఆటగాళ్లలో ఎంతమంది డిగ్రీ పూర్తిచేశారు? మంచి కోచ్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు.

అమ్మానాన్నలకు

డల్లాస్‌లో, న్యూజెర్సీలో పిల్లలను ఆటకు తిప్పే తెలుగు తల్లిదండ్రులకో మనవి. ఈమెయిల్ మీరు రాయకండి, ఫోన్ మీరు చేయకండి. పద్దెనిమిదేళ్లవాడి తరఫున నాన్న మాట్లాడితే, వాడు తన పని తాను చేసుకోలేడని కోచ్ అనుకుంటాడు. ప్రయాణం, ఖర్చు, భోజనం, ధైర్యం మీవి, మాట పిల్లలది. ‘జూనియర్ కాలేజీనా?’ అని బంధువులు పెదవి విరిచినా మీరు విరవకండి.

ఇండియానుంచి వెళ్లాలనుకునేవారు, కాలేజీ స్వయంగా ఇచ్చే ఐ-20 పత్రం లేకుండా ఎఫ్-1 వీసా రాదని గుర్తుంచుకోవాలి. డబ్బు కడితే జట్టులో చోటు ఖాయమనే ఏజెంట్లను నమ్మకండి. కోచ్‌తో మీరే వీడియోకాల్‌లో మాట్లాడండి. ఆ మాట కుదరకుండా రూపాయి కూడా కట్టకండి.

ఈ వారంలోనే పది కాలేజీల జట్టు జాబితాలు చూడండి. మీ స్థానం ఖాళీ అవుతున్న మూడింటిని ఎంచుకోండి. ఆదివారంలోగా ఆ మూడు కాలేజీల కోచ్‌లకు ఉత్తరాలు వెళ్లాలి. ఒకరు కాదంటే మరొకరికి రాయండి. మీ ఆట కోచ్ కంటపడటానికి ఇంతకుమించిన దగ్గరదారి లేదు.