రాసినవారే రాత్రి ఫోన్ ఎత్తాలి

పెడనలో కలంకారీ అచ్చు చెక్కేది ఒకరు, గుడ్డపై అద్దేది మరొకరు. గీత విరిగిన సంగతి ముందు తెలిసేది అద్దేవారికి. దాన్ని సరిచేయగలిగేది చెక్కినవారు. ఇద్దరికీ మాటల్లేకపోతే గుడ్డ పాడవుతుంది.

సాఫ్ట్‌వేర్‌లోనూ చాలాకాలం ఇదే చిక్కు. ప్రోగ్రాం రాసే బృందం వేరు, సర్వర్లు నడిపే బృందం వేరు. అర్ధరాత్రి ఏదైనా ఆగిపోతే, నడిపేవారు కారణం తెలియక మళ్లీ ఆన్ చేసి చూసేవారు. రాసినవారు హాయిగా నిద్రపోయేవారు. తయారుచేసిన బృందమే నడపడం తమ పద్ధతి అని 2006లో అమెజాన్ సాంకేతిక అధిపతి వెర్నర్ వోగెల్స్ చెప్పారు. 2009లో బెల్జియంలోని ఘెంట్‌లో జరిగిన సమావేశంతో ఈ కలిసి పనిచేసే ధోరణికి ‘డెవాప్స్’ అన్న పేరు వ్యాపించింది.

ఇంజినీరింగు చదివి బందరు నుంచి హైదరాబాదు వెళ్లే మన పిల్లలు ‘ఆన్‌కాల్’ అనే మాట వింటారు. అది వంతులవారీ డ్యూటీ. ఫోన్ మోగితే లేచి, లాగ్‌లు చూసి, అవసరమైతే పాత వెర్షన్‌కు మార్చి, తెల్లవారాక అసలు లోపం దిద్దాలి. రెండు రాత్రులు అలా లేచినవారు మూడో ప్రోగ్రాం జాగ్రత్తగానే రాస్తారు! ఈద్ నాడు వంతు పడితే, సంక్రాంతికి ఊరెళ్లే మిత్రుడితో మార్చుకోవచ్చు.

అయితే బాధ్యత పంచుకోవడమంటే ఒక్కరి నెత్తిన పెట్టడం కాదు. గూగుల్‌లో ఈ పనిచేసే ఇంజినీర్లకు కనీసం సగం సమయం శాశ్వతమైన మెరుగుదలలకు మిగలాలన్న నియమం పెట్టుకున్నారు. ఉద్యోగంలో చేరేముందు, వంతు ఎంతమంది మధ్య తిరుగుతుందో, రాత్రి మేల్కొంటే మర్నాడు విశ్రాంతి ఇస్తారో లేదో అడగండి.