పళ్లెంలో చింతతోపు – మొక్కల పెంపకంలో మెళకువలు

బోన్సాయ్ అంటే లోతు తక్కువ పళ్లెంలో పెంచే పొట్టి చెట్టు. ఇది జపాన్ మాట. ఒకే పళ్లెంలో ఒకే జాతి మొక్కలు అయిదో, ఏడో, తొమ్మిదో కలిపి చిన్న తోపులా నాటడం ఇందులో ఒక పద్ధతి. ఇందుకు మన చింత బాగా పనికొస్తుంది. ఆకు చిన్నది, బెరడు త్వరగా ముదురుతుంది, కత్తిరింపును తట్టుకుంటుంది. గింజకు డబ్బు పెట్టనక్కర్లేదు. బోరింగు పక్కనో, పెరట్లోనో సెంటు జాగా ఉన్న చిన్న రైతు కూడా ఈ మొక్కలు పెంచవచ్చు.

అయితే ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. వరి నారు అంతా ఒక్క తీరుగా ఉంటేనే మనకు ఇష్టం. తోపు మొక్కలకు అది పనికిరాదు. అన్నీ ఒకే లావు, ఒకే ఎత్తు ఉంటే కంచెకు పాతిన గుంజల్లా కనిపిస్తాయి. మూడేళ్లు నీళ్లు పోసి పెంచాక ఆ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు. కాబట్టి లావు, మధ్యరకం, సన్నం అని మూడు రకాలను మొదటి నుంచే వేరువేరుగా పెంచాలి.

ఎన్ని మొక్కలు కావాలి?

ఏడు మొక్కల తోపుకు లావుది 1, మధ్యరకం 2, సన్నవి 4 కావాలి. 20 పళ్లాలకు లెక్కేస్తే లావువి 20, మధ్యరకం 40, సన్నవి 80, మొత్తం 140. చచ్చేవి, వంకరపోయేవి ఉంటాయి కనుక పావు వంతు అదనంగా, అంటే 175 మొక్కలు పెంచుకోవాలి. దీనికి సెంటు భూమి చాలు.

గింజ, నారుమడి

చింతపండు కొట్టే రోజుల్లో ఒకే చెట్టు గింజ తీసి పెట్టుకోవాలి. నాలుగైదు చెట్ల గింజ కలిపితే ఆకు తీరు, ఎదుగుదల మరీ తేడాగా వస్తాయి. గింజను నీళ్లలో వేసి తేలినవి పారేయాలి. మునిగినవాటిని ఒక రాత్రి నాననిచ్చి, ఎత్తు మడిలో ఒకటిన్నర సెం.మీ. లోతున విత్తాలి. తడి ఆరకుండా చూస్తే వారం పది రోజుల్లో మొలక కనిపిస్తుంది.

తల్లివేరు కత్తిరింపు

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. చింతకు తల్లివేరు లోతుకు దిగుతుంది. దాన్ని వదిలేస్తే మొక్క పళ్లెంలో ఇమడదు. మొలిచిన నెలా నెలన్నరకు, సాయంత్రం పూట మడి బాగా తడిపి మొక్కలను మెల్లగా తీయాలి. పదునైన బ్లేడుతో తల్లివేరులో కింది సగం కోసేయాలి. పక్క వేర్లు తెంపకూడదు. వెంటనే నాటి, పది రోజులు నీడ కల్పించాలి.

మూడు రకాలు ఇలా వస్తాయి

లావు మొక్కలకు: నేలలో 45 సెం.మీ. ఎడంతో నాటాలి. గుంట అడుగున ఒక పెంకు ముక్క పరిచి, దాని మీద మట్టి వేసి మొక్క పెడితే వేర్లు కిందికి దిగకుండా పక్కలకు పాకుతాయి. తల తుంచకూడదు. కింది కొమ్మలు తీసేయకూడదు. అవి ఉంటేనే మొదలు లావెక్కుతుంది.

మధ్యరకానికి: నేలలోనే 20 సెం.మీ. ఎడం చాలు. పెంకు వీటికీ వేయాలి.

సన్న మొక్కలకు: చిన్న పాలిథిన్ సంచుల్లో పెంచాలి. వేరుకు చోటు తక్కువ కాబట్టి మొక్క సన్నగానే ఉంటుంది. సంచి అడుగున వేరు నేలలోకి దిగకుండా నెలకోసారి కదపాలి.

నేలలో ఉన్న మొక్కల చుట్టూ ఏడాదికోసారి, తొలకరిలో, జానెడు దూరంలో పార దించి వేర్లు తెంపాలి. అప్పుడు మొదలు దగ్గరే పిల్లవేర్లు గుబురుగా పుడతాయి. లావు మొక్క బొటనవేలంత కావడానికి సుమారు మూడేళ్లు పట్టవచ్చు. ఆ తర్వాత తొలకరిలో తలను కావలసిన ఎత్తుకు కోసి, కొత్త చిగుళ్లు వచ్చాక పక్క కొమ్మలను రెండు మూడు ఆకులకు తుంచుతూ రావాలి.

మేకల బెడద

చింత చిగురంటే మేకకు ప్రాణం. ఒక్క పూట ఏమరుపాటుతో ఏడాది ఎదుగుదల పోతుంది. ముళ్ల కంప గట్టిగా వేయాలి. పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి చల్లాలి.

పళ్లెంలో నాటడం

నమూనాకు ఒక తోపు మీరే నాటి చూపితే కొనేవారికి నమ్మకం కుదురుతుంది. పళ్లేనికి అడుగున చిల్లులుండాలి. ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, జల్లించి దుమ్ము తీసేయాలి. నల్లరేగడి పనికిరాదు. లావు మొక్కను నట్టనడుమ కాక కొంచెం పక్కకు పెట్టాలి. దాని దగ్గరే మధ్యరకం, అంచులకూ వెనక్కూ సన్నవి రావాలి. ఏ మూడు మొక్కలూ ఒకే వరసలో పడకూడదు. ఎదురుగా చూస్తే ఒకదాని మొదలు మరోదానికి అడ్డం రాకూడదు. లోపలి మొక్కలకు కింది కొమ్మలు తీసేసి, అంచు మొక్కలకు బయటివైపు కొమ్మలుంచాలి. చిల్లుల్లోంచి సన్నని తీగ తెచ్చి వేర్లను కట్టాలి. రెండు మూడు వారాలు నీడలో ఉంచి నీళ్లు చిలకరించాలి.

అమ్మకం మాట

గింజ వేసే ముందే నర్సరీ వాళ్లతో మాట్లాడుకోవాలి. తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి అలంకరణ మొక్కలు ఇతర రాష్ట్రాలకూ వెళ్తున్నాయి. అలాంటి చోటికి ఒకసారి వెళ్లి, ఏ లావు, ఏ ఎత్తు మొక్క అడుగుతున్నారో కళ్లారా చూసి రావాలి. మూడేళ్ల దాకా పైసా రాదు కాబట్టి తిండి గింజల మడిని దీనికి మార్చవద్దు, అప్పు చేయవద్దు. మొదట సెంటుతోనే మొదలుపెట్టాలి. అమ్ముడుపోని మొక్క ఉంటే బాధపడనక్కర్లేదు. తొలకరిలో గట్టున నాటితే అది మామూలు చింతచెట్టే అవుతుంది.