పాఠములవలన మనము నేర్చుకొనునదేమి?

గత వేసవిలో పరీక్షాఫలితములు వెలువడిన మరునాడు ఒక రైతు మా యింటికి వచ్చెను. ఆయన కుమారుడు మన పాఠశాలలో ఐదేండ్లు చదివి, పదవతరగతి పరీక్షలో గణితమున తప్పెను. పిల్లవాడు లోనికి రాక, వీధిగుమ్మముకడనే తల వంచుకొని నిలిచియుండెను. “అయ్యగారూ, ఈ ఐదేండ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరేనా? ఆ త్రిభుజములు, ఆ రాజుల కథలు మావానికి పొలములో పనికి వచ్చునా?” అని తండ్రి యడిగెను. ఆయన మాటలో కోపముకంటె దుఃఖమే యెక్కువగా నుండెను. నేనప్పుడు చెప్పిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. అందుచే ఆ ప్రశ్నను మరల విచారించి, ఈ పత్రికాముఖమున సమాధానము చెప్ప యత్నించుచున్నాను.

ఆ ప్రశ్న న్యాయమైనదే. పాఠశాల విడిచిన పదేండ్లకు మనము కంఠస్థము చేసిన సూత్రములును, తేదీలును చాలవరకు మరపునకు వచ్చును. పరీక్షకై వల్లెవేసినది పరీక్షతోనే పోవును. అట్లయినచో మిగులునదేమి? నాకు తోచినంతవరకు, మన పాఠములన్నియు వేరువేరు దారుల వచ్చి ఒక్క ప్రశ్ననే మనచేత అడిగించుచున్నవి. “ఇది నిజమని నీకెట్లు తెలిసినది?” అనునదే యా ప్రశ్న.

మొదట రేఖాగణితమును తీసికొందము. త్రిభుజములోని మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలని పుస్తకము చెప్పును. కోణమానినితో కొలిచి చూచినచో ఒకనికి 179, మరియొకనికి 181 వచ్చును. నూరు త్రిభుజములను కొలిచినను, నూటయొకటవ దానిగూర్చి రూఢిగా నేమియు చెప్పజాలము. కాని శీర్షముగుండ, భూమికి సమాంతరముగా, ఒక గీత గీయుడు. భూమికి రెండు కొనలయందున్న కోణములకు సమానమైన ఏకాంతర కోణములు శీర్షకోణమున కిరుప్రక్కల ఏర్పడును. మూడును కలిసి ఒక సరళకోణమగును. ఈ నిరూపణము మన పుస్తకములోని బొమ్మకు మాత్రమే గాక, సమతలముపై గీయదగిన సకల త్రిభుజములకును చెల్లును. కొలుచుట వేరు, నిరూపించుట వేరు అని యెరిగిన విద్యార్థి, నాలుగింటిని చూచి నాలుగువేలనుగూర్చి మాటలాడువానిని తొందరపడి నమ్మడు.

విజ్ఞానశాస్త్రము ఆ ప్రశ్ననే మరియొక రీతిగా అడుగును. ఇనుము తుప్పుపట్టుటకు కారణమేమి? మూడు పరీక్షనాళికలలో మేకులు వేయుదుము. మొదటిదానిలో నీరును గాలియు నుండును. రెండవదానిలో మరగకాచిన నీరు పోసి, గాలి చొరకుండ పైన నూనె పోయుదుము. మూడవదానిలో తేమను పీల్చు కాల్షియం క్లోరైడు ఉంచి బిరడా బిగింతుము. కొన్ని దినములకు మొదటిదానిలోని మేకులు మాత్రమే తుప్పుపట్టును. నీరొక్కటి చాలదు, గాలి యొక్కటి చాలదు, రెండును గూడవలెను. ఈ ప్రయోగమునందలి సారము మేకులలో లేదు. ఒక్కొక్క సంగతిని మాత్రమే మార్చి, తక్కినవానిని సమముగా నుంచి చూడవలెననుటయే దాని సారము. జ్వరమువచ్చినవాడు తాయెత్తు కట్టుకొని మందును పుచ్చుకొని కోలుకొన్నచో, కీర్తి తాయెత్తునకు దక్కుట లోకమున వింత గాదు.

తెలుగు పాఠమునకు వత్తము. మన మాతృభాషలో “ట” అను నొక చిన్న యక్షరము కలదు. “ఏటికి గండి పడినది” యన్నచో నేను చూచితినని యర్థము. “ఏటికి గండి పడినదట” యన్నచో వినినమాటయని యర్థము. చూచినదానికిని, వినినదానికిని నడుమనున్న దూరమును మన పెద్దలు ఒక్క యక్షరములో నిమిడ్చిరి. నేడు చేతిలోని ఫోనునుండి ఫోనునకు వార్తలు రెప్పపాటులో పోవుచున్నవి. దారిలో ఎవరో “ట”ను జారవిడుతురు. పిమ్మట వదంతి వార్తయై, వార్త కలహమై ఊరిమీద పడును. వ్యాకరణము నీరసమను విద్యార్థులు ఈ యక్షరమునుగూర్చి యొకమారు ఆలోచింపవలెను.

ఇక చరిత్ర. చరిత్రయనగా రాజుల పట్టాభిషేకముల పట్టిక గాదు. ఈ సంగతిని ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి, ఏ యాధారముతో చెప్పిరి అని విచారించు శాస్త్రము. దీనిని ఆచరణలో చూపిన పాఠశాలోపాధ్యాయుడొకరు మన తెలుగువారిలో నుండిరి. గిడుగు వేంకట రామమూర్తిగారు 1863లో జన్మించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. చరిత్ర బోధించుచు, పుస్తకములో నున్నదానితో తృప్తిచెందక, ముఖలింగ క్షేత్రమునందలి గాంగరాజుల శాసనములను చదువుటకై పాతలిపులను స్వయముగా నేర్చిరి. సమీపమునందలి కొండలలోని సవరల భాషను నేర్వగోరి, సవరల నోటనే విని నేర్చుకొనిరి. వారి బిడ్డలకై ఆ భాషలోనే వాచకములు వ్రాసిరి. ఆయన సవర భాషాగ్రంథము 1931లోను, సవర నిఘంటువు 1938లోను అచ్చుపడినవి. అప్పటికి ఆయన వయస్సు 75 సంవత్సరములు. శిలమీది యక్షరమును కంటితో చూచి, మనుష్యుని మాటను చెవితో విని, ఆ పిమ్మటనే వ్రాసిన గురువు ఆయన. వ్యావహారిక భాషకై జీవితాంతము వాదించిన ఆ మహనీయుడు ఈ వ్యాసమును చూచినచో, “ఈ గ్రాంథికమేలనయ్యా?” యని నన్ను మందలించియుండెడివారనుట నిస్సందేహము.

పాఠములు ఆ ప్రశ్నను నేర్పును. దానిని తనమీదనే వేసికొను ధైర్యమును మాత్రము గురువు నడవడివలననే నేర్వవలెను. నా బాల్యమునందలి సంగతి యొకటి చెప్పెదను. ఎనిమిదవ తరగతిలో భూగోళము బోధించు మాస్టారుగారు, వేసవిలో భూమి సూర్యునికి దగ్గరగుటచేతనే ఎండ మెండగునని చెప్పిరి. వెనుకబల్లమీది పిల్లవాడొకడు లేచి, “మాస్టారూ, ఆస్ట్రేలియాలో క్రిస్మసు ఎండకాలమున వచ్చునని మిస్సమ్మగారు చెప్పినారు. దగ్గరయినచో భూమియంతయు దగ్గరగును గదా! అక్కడ ఎండయు, ఇక్కడ చలియు ఎట్లు వచ్చును?” అని యడిగెను. తరగతి నిశ్శబ్దమయ్యెను. బెత్తము మేజామీదనే యుండెను. మాస్టారుగారు కొంతసేపాలోచించి, “రేపు చెప్పెదను. కూర్చో” అనిరి.

మరునాడాయన వచ్చుచునే నల్లబల్లమీద పెద్ద యక్షరములతో “నిన్న నేను చెప్పినది తప్పు” అని వ్రాసిరి. భూమి సూర్యునికి మిక్కిలి దగ్గరగా, సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరమున, ఉండునది జనవరి మొదటివారములో; మిక్కిలి దూరముగా, సుమారు 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్ల దూరమున, ఉండునది జూలై మొదటివారములో. ఋతువులకు కారణము దూరము గాదు; భూమియొక్క అక్షము 23½ డిగ్రీలు ఒరిగియుండుటయే. ఒకప్పుడు ఉత్తరార్ధగోళమును, మరియొకప్పుడు దక్షిణార్ధగోళమును సూర్యునివైపు మొగ్గుటచే ఇక్కడి వేసవి అక్కడి చలికాలమగుచున్నది. ఇదంతయు వివరించి, ఆ పిల్లవానిని ముందుబల్లకు పిలిచి కూర్చుండబెట్టిరి. నాడు నేర్చిన అంకెలను నేను మరల పుస్తకము చూచి వ్రాసితిని. నల్లబల్లమీది ఆ మొదటి పంక్తిని మాత్రము ఏ పుస్తకమును చూడవలసిన యవసరము లేకపోయెను.

ఈ వ్యాసము వ్రాయబూనిన దినములలోనే ఆ రైతు మరల కనబడెను. పంటనుగూర్చి యడుగగా ఆయన యిట్లు చెప్పెను: “ఒక వర్తకుడు క్రొత్త మందు తెచ్చి, ఇది చల్లినచో దిగుబడి పెరుగునన్నాడు. చేనికంతకును చల్లబోతిని. మావాడు అడ్డుపడినాడు. ఒక మడికి చల్లి, ప్రక్కమడికి చల్లక, నీరును ఎరువును రెంటికి సమముగా పెట్టి చూతమన్నాడు. రెండు మళ్ళును ఒక్కతీరుగనే పండినవి. డబ్బు మిగిలినది. ఈ బుద్ధి వానికెక్కడనుండి వచ్చినదో, అయ్యగారూ!”

నాకు పరీక్షనాళికలలోని మేకులు జ్ఞప్తికి వచ్చినవి. ఆ మాటయే ఆయనతో చెప్పితిని. ఆయన కొంతసేపూరకుండి, “అయినచో వానిని గణితము మరల వ్రాయనిత్తును” అనెను. మరల వ్రాయుటలో సిగ్గుపడవలసినదేమియు లేదు. 1895లో భీమవరమున జన్మించి, వైద్యరసాయనశాస్త్రమున కీర్తిగాంచిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షలో మూడవమారు కృతార్థులైరి.

విద్యార్థులారా! పరీక్షలు వ్రాయుడు, మంచి మార్కులు తెచ్చుకొనుడు. మీ తలిదండ్రులకు అది సంతోషము, మాకును సంతోషము. కాని యెవరైన నొక మాట చెప్పినప్పుడు అది “పడినది”యా, “పడినదట”యా యని విచారింపుడు. మీరే తప్పు చెప్పినచో, మరునాడు దానిని నలుగురియెదుట దిద్దుకొనుడు. ఈ రెండును నేర్చినవాని చదువు బూడిదలో పోసిన పన్నీరు కానేరదు.