మీటరు చూపని రెసిస్టెన్స్



137 కిలోహెర్ట్జ్ మీద స్టేషన్ పెట్టాలనుకోవడం సంతోషం. ఎనలైజర్‌లో స్టాండింగ్ వేవ్ రేషియో (ఎస్‌డబ్ల్యూఆర్) 1కి దిగింది కాబట్టి యాంటెన్నా బాగున్నట్టేనని మాత్రం తీర్మానించుకోకు. ఇక్కడ తరంగదైర్ఘ్యం దాదాపు 2,190 మీటర్లు. పెరట్లో మనం నిలబెట్టగలిగే ఏ తీగైనా దాని ముందు ఏపాటిది? మ్యాచింగ్‌కు ముందు యాంటెన్నా మొదట్లో 60 ఓమ్‌లు కనిపించాయనుకో, అందులో ఇంచుమించు అంతా నేలలోనూ తీగను ట్యూన్ చేసే కాయిల్‌లోనూ వేడిగా పోయేదే. ఆకాశంలోకి వెళ్లే శక్తికి ఆధారమైన రేడియేషన్ రెసిస్టెన్స్ ఓమ్‌లో కొన్ని వందో వంతులే. అంత నష్టంలో కలిసిపోయిన దాన్ని ఏ మీటరూ విడదీసి చూపలేదు. దాన్ని యాంటెన్నా ఆకారం నుంచి లెక్కగట్టాలి.

లెక్క కష్టమేమీ కాదు. ప్రభావ ఎత్తును తరంగదైర్ఘ్యంతో భాగించి, వర్గం చేసి, 1579తో గుణిస్తే ఓమ్‌లు వస్తాయి. ప్రభావ ఎత్తు అంటే తీగ ఎత్తు కాదు. ఒంటి నిలువు తీగలో కరెంటు పైకి పోయేకొద్దీ సున్నాకు తగ్గుతుంది కనుక అందులో సగం ఎత్తే లెక్కకు వస్తుంది. పైన అడ్డతీగ కడితే దాని కెపాసిటెన్స్ కరెంటును పైదాకా లాగుతుంది. 12 మీటర్ల నిలువు తీగకు మీటరుకు సుమారు 6 పికోఫారడ్ల చొప్పున 72, పైన 30 మీటర్ల అడ్డతీగకు 5 చొప్పున 150 అనుకో. నిలువు తీగ వాటాలో సగాన్నీ అడ్డతీగ వాటానూ కూడి, మొత్తం 222తో భాగించి, 12తో గుణిస్తే ప్రభావ ఎత్తు 10 మీటర్లు, రేడియేషన్ రెసిస్టెన్స్ 0.033 ఓమ్‌లు. అడ్డతీగ లేకపోతే అది 0.012 దగ్గరే ఆగిపోయేది. ఇంత చిన్న అంకె చూసి చిన్నబుచ్చుకోకు. స్వీడన్‌లోని గ్రిమెటన్ స్టేషన్‌కు 127 మీటర్ల టవర్లు ఉన్నా, అది పనిచేసే 17.2 కిలోహెర్ట్జ్ వద్ద ఇదే లెక్క వేస్తే 0.1 ఓమ్ దాటదు.

సాఫ్ట్‌వేర్ మోడల్ ఉండగా చేతి లెక్క ఎందుకని అడుగుతావేమో. తీగ వరకు మోడల్ చక్కగానే చెబుతుంది. కానీ చుట్టూ ఉన్న చెట్లనూ ఇళ్లనూ చేతి లెక్కలో లాగే అందులోనూ నువ్వు పెట్టవు, ప్రభావ ఎత్తును కొరికేసేవి అవే. అలాంటప్పుడు అంచనాను నమ్మేదెలా అంటావా? ప్రభావ ఎత్తులో పది శాతం పొరపాటు పడినా ఫలితంలో తేడా ఒక డెసిబెల్ లోపే. నష్టాల రెసిస్టెన్స్ అలా కాదు, వాన పడితే ఒకలా, నేల ఎండితే మరోలా ఉంటుంది. అందుకే వాట్లను కాదు, యాంటెన్నా మొదట్లో కరెంటును కొలువు. 60 ఓమ్‌లలోకి 100 వాట్లు పంపితే కరెంటు 1.3 ఆంపియర్లు. దాని వర్గాన్ని 0.033తో గుణిస్తే ప్రసారమయ్యేది 0.055 వాట్లు, అన్ని దిక్కులకూ సమంగా ప్రసరించే ఊహా యాంటెన్నాతో పోల్చి చెప్పే శక్తి, అంటే ఈఐఆర్‌పీ, దానికి మూడింతలు, సుమారు 0.165 వాట్లు. ఆపైన అనుమానముంటే కిలోమీటరు అవతల ఫీల్డ్ స్ట్రెంగ్త్ కొలిచి చూడు, మీటరుకు 2.2 మిల్లీవోల్టుల దాకా రావాలి. మరీ దగ్గర కొలిస్తే సమీప క్షేత్రం మోసం చేస్తుంది. తక్కువ వస్తే ఆ తేడా చెట్లూ గోడలూ తిన్నదని రాసుకో.

ఈ లెక్క కాగితం మీది ముచ్చట కాదు. 2007 ప్రపంచ రేడియో సదస్సు ఈ బ్యాండ్‌కు 1 వాట్ ఈఐఆర్‌పీ హద్దు పెట్టింది. నీ యాంటెన్నాతో అక్కడికి చేరాలంటే 3.2 ఆంపియర్లు, అంటే 600 వాట్లు కావాలి, అప్పుడు తీగ మీద 16 వేల వోల్టులకు పైగా నిలుస్తాయి. ఇన్సులేటర్లు, కంచె లేకుండా ఆ పని తలపెట్టకు. నేలలో పరిచే తీగలు, అంటే రేడియల్స్ పెంచితే నష్టం తగ్గుతుందే గానీ రేడియేషన్ రెసిస్టెన్స్ పెరగదు, దాన్ని ముఖ్యంగా పెంచేవి ఎత్తూ అడ్డతీగా. కాబట్టి ముందు ఆ రెండింటి సంగతి చూడు, తర్వాత నేల సంగతి, పవర్ యాంప్లిఫయర్ అన్నిటికంటే చివర.