గాజుతొట్టిలోని పౌరుషం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలు శిక్షణ సంస్థలకు, వసతిగృహాలకు ప్రసిద్ధి. అక్కడి ఇండ్లలోను, దుకాణాలలో గల్లాపెట్టె పక్కనను గాజుతొట్టిలో ఒంటరిగా తిరిగే చేప ఒకటి అప్పుడప్పుడు కనిపిస్తుంది. నుదుట ఉబ్బెత్తు బొడిపె, ఒంటిపై ఎరుపు పసుపు వన్నెలు దాని గుర్తులు. గాజుపై వేలు ఆనిస్తే అది వెరచి పారిపోదు. మొప్పలు విప్పి మీదికి దూకుతుంది. దాని పేరు ఫ్లవర్‌హార్న్.

ఇది ప్రకృతి సృష్టించిన జాతి కాదు. 1990వ దశకంలో మలేషియాలోని పెంపకందార్లు మధ్య అమెరికాకు చెందిన సిక్లిడ్ చేపలను సంకరపరచి దీనిని రూపొందించారు. చైనీయులు దీనిని లువోహాన్ అంటారు. బౌద్ధంలోని అర్హతునికి వారు వాడే మాట అది. బొడిపె ఎంత పెద్దదైతే అంత అదృష్టమనే నమ్మకం, పక్కలనున్న నల్లమచ్చలలో శుభాక్షరాలను వెదికే వేడుక ఈ చేపతోపాటే వచ్చాయి. మన నగరంలో వాస్తు పేరిట కొనేవారూ ఉన్నారు. అయితే బొడిపె పెరుగుదల వంశలక్షణాన్ని, ఆహారాన్ని, నీటి స్వచ్ఛతను బట్టి ఉంటుంది గాని యజమాని జాతకాన్ని బట్టి కాదు.

సిక్లిడ్‌ల కోపానికి మూలం వాత్సల్యమే. అనేక జాతుల చేపలు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. సిక్లిడ్‌లు అట్లు కావు. గుడ్లకు రెక్కలతో నీటిని విసురుతూ, పిల్లలను వెంట తిప్పుకొంటూ కాపలా కాస్తాయి. కేరళ ప్రభుత్వం 2010లో రాష్ట్ర మత్స్యంగా ప్రకటించిన కరిమీన్ కూడ ఈ కుటుంబానిదే. పిల్లలను కాపాడుకోవాలంటే కొంత చోటు తనదనాలి. ఆ చోటికి వచ్చిన వానిని తరమాలి. నదిలో ఓడిన చేప ఈదుకొంటూ పోయి బ్రతుకుతుంది. తొట్టిలో పోవడానికి చోటేది? అందువల్ల ఒక తొట్టిలో ఒక్క ఫ్లవర్‌హార్న్‌నే ఉంచాలి. గాజులో కనిపించే తన నీడతోనే అది గంటల తరబడి పోరాడి అలసిపోతుంటే, తొట్టి వెనుక ముదురురంగు కాగితం అంటించాలి.

పోతన భాగవతం అష్టమ స్కంధంలో సత్యవ్రతుడు కమండలువులో ఉంచిన చేపపిల్ల ఒక్క రాత్రిలోనే దానిని నింపివేస్తుంది. రాజు పెద్ద పాత్రకు, మడుగుకు, సరస్సుకు, చివరకు సముద్రానికి దానిని మార్చవలసి వచ్చింది. దుకాణంలో 2 అంగుళాలున్న ఫ్లవర్‌హార్న్ కూడ 10, 12 అంగుళాల వరకు ఎదుగుతుంది. దానికి 4 అడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు గల తొట్టి కావాలి. అందులో సుమారు 250 లీటర్ల నీరు పడుతుంది. నీటి బరువే 250 కిలోలు! అద్దెగదిలోని చెక్కబల్ల ఆ భారాన్ని మోయలేదు. పైగా చక్కగా చూసుకొంటే ఈ చేప 8 నుండి 10 ఏండ్లు జీవిస్తుంది. ఇంటర్మీడియట్ చదువు రెండేండ్లే గదా!

కంటికి తేటగా కనిపించే నీరు మంచినీరని భ్రమపడరాదు. చేప విసర్జించే అమ్మోనియా విషం. ఫిల్టరులో పెరిగే సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఆ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. ఆ తరువాతనే చేపను తేవాలి. వారానికొకసారి నాలుగోవంతు నీటిని మార్చాలి. కుళాయినీరైతే క్లోరినును ముందు తొలగించాలి. బోరునీటి కాఠిన్యాన్ని ఈ చేప ఓర్చుకొంటుంది; చలికాలపు రాత్రులను మాత్రం ఓర్వదు. నీటి వేడిమి 26 నుండి 30 డిగ్రీల మధ్య నిలవడానికి హీటరు అవసరం.

చేప పెరిగి భారమైనప్పుడు చేరువలోని సరూర్‌నగర్ చెరువు గుర్తుకు రావచ్చు. సత్యవ్రతుడు చేసిన పని ఇక్కడ మనం చేయరాదు. సింగపూరులో అట్లు విడిచిన ఫ్లవర్‌హార్న్‌లు అక్కడి జలాశయాలలో స్థిరపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ జాలరుల వలలు చింపుతున్న దెయ్యపు చేప కూడ ఒకనాటి తొట్టిచేపే. చెరువు కూడ తన హద్దులో ఉండదు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి చుట్టుపట్ల కాలనీలను ముంచింది. 2018 వరదలలో కేరళ నదులలోకి అమెజాన్ నదికి చెందిన అరపైమా చేపలు చేరాయి. కనుక పెంచలేనప్పుడు చేపను పెద్ద తొట్టి గలవారికి అప్పగించాలి, లేదా అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వాలి. ఎదిగిన చేపను తిరిగి తీసుకొంటారో లేదో కొనేనాడే అడిగి తెలుసుకోవడం మంచిది.