డబ్బా మీద పేరు కాదు, లోపల ఏముందో చూడండి

విరేచనాలతో పిల్లలను తీసుకువచ్చే తల్లులను "ఇంటి దగ్గర ఏం తాగించారమ్మా?" అని అడుగుతాము. "ఓఆర్ఎస్ తాగించాం సిస్టర్" అని, కొందరు సంచిలో నుండి స్ట్రా ఉన్న అట్ట డబ్బా తీసి చూపించేవారు. అది ఓఆర్ఎస్ కాదు, పండ్లరసం వంటి తీపి పానీయం. ఇందులో తల్లి తప్పు లేదు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఆ పేరే ఉండేది. అమ్మింది కూడా మందుల షాపులోనే.

అసలు ఓఆర్ఎస్ అంటే ఏమిటి?

విరేచనాలలో నీటితోపాటు లవణాలు కూడా పోతాయి. ఉప్పు, గ్లూకోజు సరైన పాళ్ళలో కలిసి ఉంటే, జబ్బుపడిన పేగు కూడా వాటిని పీల్చుకుంటుంది. వాటి వెంట నీరు రక్తంలోకి చేరుతుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి ద్రావణం తాగించి ఎందరి ప్రాణాలో కాపాడారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుండి సిఫారసు చేస్తున్న ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి ఇవి ఉంటాయి:

గ్లూకోజు – 13.5 గ్రాములు
ఉప్పు (సోడియం క్లోరైడ్) – 2.6 గ్రాములు
ట్రైసోడియం సిట్రేట్ – 2.9 గ్రాములు
పొటాషియం క్లోరైడ్ – 1.5 గ్రాములు

తీపి పానీయంతో ప్రమాదం ఏమిటి?

అసలు ఓఆర్ఎస్ 100 మిల్లీలీటర్లలో గ్లూకోజు 1.35 గ్రాములే. ఒక డబ్బా మీద 100 మిల్లీలీటర్లకు చక్కెర 8 గ్రాములు అని ఉంటే, అది దాదాపు ఆరు రెట్లు. ఎక్కువైన చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. కావలసిన ఉప్పు మాత్రం అందదు. బిడ్డ తాగుతూనే నీరసించిపోతాడు.

చట్టం ఏమి చెబుతున్నది?

హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ విషయమై ఏళ్ళ తరబడి పోరాడారు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022 జులైలో, "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్ఎస్ కాదు" అని డబ్బా మీద రాస్తే చాలని కంపెనీలకు వీలు కల్పించింది. ఆ హెచ్చరికను కంగారులో ఉన్న తల్లి చదవగలదా? 2025 అక్టోబరు 14న ఆ అనుమతిని రద్దు చేసింది. ఆహార పానీయాల కంపెనీలు తమ సరుకు పేరులో ముందు గాని, వెనుక గాని ఓఆర్ఎస్ అనే మాట వాడరాదు.

అయితే పేరు మారినంత మాత్రాన లోపలి పానీయం మారదు. చూసి కొనవలసిన బాధ్యత మనది.

కొనేటప్పుడు

1. పొడి ప్యాకెట్టు అయినా, కలిపి అమ్మే డబ్బా అయినా, పై నాలుగు పదార్థాలు అదే పాళ్ళలో ఉన్నాయో లేదో చూడండి.
2. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటే అది ఆహార పదార్థంగా అమ్ముతున్నది, మందు కాదు.
3. చదవడం రాకపోతే ఆశా కార్యకర్తను గాని, నర్సును గాని అడగండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉచితంగా ఇస్తారు.

తాగించే పద్ధతి

ప్యాకెట్టు మీద ఎంత నీరు అని ఉంటే అంతే కొలిచి, కాచి చల్లార్చిన నీటిలో మొత్తం పొడి కలపండి. చక్కెర, పాలు, పండ్లరసం కలపకండి. 24 గంటలు దాటితే పారబోయండి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ళలోపు పిల్లలకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు స్పూనుతో కొద్దికొద్దిగా పట్టించండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు మానకండి. జింకు మందు డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి.

ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు తలకొట్టి కలపండి.

వెంటనే ఆసుపత్రికి రండి

బిడ్డ మగతగా ఉన్నా, కళ్ళు లోతుకు పోయినా, ఏమీ తాగలేకపోయినా, తాగినదంతా వాంతి అవుతున్నా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చేయకండి. దారిలో కూడా ఓఆర్ఎస్ పట్టిస్తూనే ఉండండి.