విజ్ఞానశాస్త్రం – కవిత్వం – మతం: ఇక్బాల్, సినారె

ఐన్‌స్టీన్ 1905లోనూ, 1915లోనూ ప్రతిపాదించిన సాపేక్ష సిద్ధాంతానికి 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం బలం చేకూర్చింది. సూర్యుని ప్రక్కగా వచ్చే నక్షత్రకాంతి వంగుతున్నదని అప్పటి పరిశీలనలలో తేలింది. కాలం అందరికీ ఒకే తీరున సాగదన్న ఆ సిద్ధాంతం కవులను కూడ కదిలించింది. 1923లో వెలువడిన తమ పారశీక కావ్యం 'పయామె మష్రిక్'లో ఇక్బాల్ ఐన్‌స్టీన్‌పై ఒక కవిత చేర్చారు.

అంతటితో ఆగక, 1929 జనవరిలో మద్రాసులోనూ, పిదప హైదరాబాదులోనూ ఇస్లాం మతచింతన పునర్నిర్మాణాన్ని గురించి ఆయన ఉపన్యసించారు. ఆ ఉపన్యాసాలు 1930లో లాహోరులో గ్రంథరూపం పొందినవి. విద్యార్థులు ఇచ్చట ఒక విషయం గమనించవలసి ఉన్నది. కొత్త శాస్త్రసత్యం బయటపడగానే "ఇది మా గ్రంథంలో ఏనాడో ఉన్నది" అనేవారు ప్రతి మతంలోనూ కనిపిస్తారు. అది శాస్త్రానికీ గౌరవం కాదు, మతానికీ కాదు. ఇక్బాల్ మార్గం వేరు. ఆయన సిద్ధాంతం విలువను గుర్తించారు. కాని కాలాన్ని స్థలానికి నాలుగవ పరిమాణంగా ఎంచితే, భవిష్యత్తు కూడ గతంవలె ముందే స్థిరపడినదౌతుందని అభ్యంతరం తెలిపారు. అంతా ముందే నిర్ణయమైతే నూతన సృష్టికి తావెక్కడ? భౌతికశాస్త్రజ్ఞులు ఈ వాదాన్ని అంగీకరించకపోవచ్చు. అయినా శాస్త్రాన్ని చదివి, దానితో తలపడి, తన విశ్వాసాన్ని తిరిగి ఆలోచించుకోవడం సామాన్యమైన పని కాదు.

హైదరాబాదు ఆనాటికే ఇటువంటి చర్చకు అనువైన చోటు. 1918లో ఉర్దూ బోధనభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది. ఆధునిక శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చేందుకు అంతకు ముందే, 1917లో, అనువాద విభాగం ఏర్పడింది. తెలుగు బిడ్డలకు అది తల్లిభాష కాదన్నది వేరే చర్చ.

ఆ ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగు కవి అయినవారే డాక్టర్ సి. నారాయణరెడ్డి. వారి జన్మస్థలం హనుమాజీపేట, మన వీర్నపల్లి ఉన్న రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిదే. 1980లో వెలువడి, వారికి 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం తెచ్చిన 'విశ్వంభర'లో నాయకుడు రాజు కాడు, దేవుడు కాడు, మానవుడు. నేపథ్యం ప్రకృతి. సూర్యచంద్ర వంశాల కీర్తనకు అలవాటుపడిన మన కావ్య సంప్రదాయంలో ఇది పెద్ద మలుపు. 1859లో డార్విన్ గ్రంథం వెలువడిన తరువాతి లోకంలోనే ఇటువంటి నాయకుడు సాధ్యమని నా అభిప్రాయం. అట్లని ఇది శాస్త్రపాఠం కాదు. కళ, విజ్ఞానం, ఆధ్యాత్మికత – మూడు దారులలోనూ సాగిన మానవుని అన్వేషణను నారాయణరెడ్డిగారు ఒకే ప్రయాణంగా చిత్రించారు.